ఆఫీసు ప్రింటర్ అందరికీ అందాలంటే: యూఎస్‌బీ షేరింగా, వైఫైనా, లాన్ వైరా?

ద్వారకానగర్‌లో ఒక ట్యాక్స్ ఆఫీసు. రెండో అంతస్తు, ఆరు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటర్. ఆ రోజు 20వ తేదీ, జీఎస్టీ 3బి రిటర్న్ వేయడానికి ఆఖరి రోజు. సాయంత్రం ఆరున్నరకి ఫోన్ వచ్చింది. "సార్, మళ్లీ ఆఫ్‌లైన్ అంటోంది. ఎవరికీ ప్రింటు రావట్లేదు."

"మూల సిస్టమ్ మీద కూర్చునే అమ్మాయి ఇంటికెళ్లిపోయిందా?" అని అడిగాను.

"ఐదింటికే వెళ్లింది సార్, వాళ్లబ్బాయికి జ్వరమట. దానికీ దీనికీ ఏటి సంబంధం?"

సంబంధమంతా అక్కడే ఉంది. ప్రింటర్ యూఎస్‌బీ వైరు ఆ మూల సిస్టమ్‌కి ఉంది. మిగతా ఐదుగురూ దాని ద్వారానే ప్రింటు తీస్తున్నారు. ఆవిడ వెళ్తూ బుద్ధిగా షట్‌డౌన్ చేసి వెళ్లింది. మళ్లీ ఆన్ చేద్దామంటే పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు.

విశాఖలో చిన్న ఆఫీసులు, షాపులు, కోచింగ్ సెంటర్లకి ఈ పని చేస్తూ నేను గమనించింది ఒకటే. ప్రింటర్ కనెక్షన్ పోయిందని వచ్చే ఫోన్లలో ప్రింటర్ నిజంగా చెడిపోయినవి తక్కువ. ఆ ఆఫీసుకి పనికిరాని పద్ధతిలో దాన్ని కలపడమే ఎక్కువసార్లు కనిపిస్తుంది. అందుకే రిపేరు చిట్కాలకంటే ముందు ఏ పద్ధతి ఎవరికి సరిపోతుందో తేల్చుకోవడం మంచిది.

ముందు తేడా ఎక్కడుందో పట్టుకోండి

ఒక్క సిస్టమ్‌లోనే ప్రింటు రావట్లేదా, ఎవరికీ రావట్లేదా? ఒక్కదాంట్లోనే అయితే ప్రింటర్ జోలికి వెళ్లకండి, ఆ సిస్టమ్‌ని చూడండి. బహుశా క్యూలో ఏదో పాత ఫైలు ఇరుక్కుని ఉంటుంది. విండోస్‌లో సర్వీసెస్ తెరిచి, ప్రింటు పనులని క్యూలో పెట్టి పంపే ప్రింట్ స్పూలర్‌ని ఆపాలి. సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే ఫోల్డర్ వరకూ వెళ్లి లోపలున్న ఫైళ్లు తీసేసి, స్పూలర్‌ని మళ్లీ మొదలుపెట్టాలి. ఆ ఫోల్డర్‌ని మాత్రం తీసేయకండి. ఇంకో చిన్న సంగతి: అదే ప్రింటర్ పేరు పక్కన "కాపీ 1" అని రెండోది కనిపిస్తోందేమో చూడండి. ఎవరో రెండోసారి చేర్చి ఉంటారు. మీరేమో పనిచేయని దానికి ప్రింటు ఇస్తూ కూర్చుంటారు. డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోసే చూసుకునేలా ఉన్న టిక్ కూడా తీసేయండి. లేకపోతే మీరు చివరిసారి పీడీఎఫ్‌కి ఇచ్చారని, తర్వాతది కూడా అటే పంపిస్తుంది.

ఎవరికీ రాకపోతే ప్రింటర్ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో దానికున్న ఐపీ నంబరు చూడాలి. స్క్రీన్ ఉన్న మోడల్ అయితే నెట్‌వర్క్ మెనూలో ఉంటుంది. లేని వాటిలో చాలావరకు ఏదో ఒక బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే వివరాల కాగితం వస్తుంది. అందులో అడ్రస్ 169.254తో మొదలైతే రౌటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదని అర్థం. వైరు ఊడిందో, వైఫై పాస్‌వర్డ్ మారిందో చూసుకోవాలి. 192.168తో మొదలైతే ఆ అడ్రస్‌ని సిస్టమ్ నుంచి పింగ్ చేయండి, అంటే కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ అని కొట్టి, పక్కన ఆ అడ్రస్ ఇచ్చి జవాబు వస్తోందో లేదో చూడండి.

ఇక్కడ చాలామంది పొరబడతారు. "రిప్లై ఫ్రమ్" అని కనిపించగానే కనెక్షన్ బాగుందనుకుంటారు. ఆ లైను చివర "హోస్ట్ అన్‌రీచబుల్" అని ఉంటే ఆ జవాబు ప్రింటర్‌ది కాదు, మీ సిస్టమ్ తనకి తాను చెప్పుకున్నది. ఒక్కోసారి జవాబు సరిగ్గానే వస్తుంది గానీ, ఇచ్చేది వేరే వస్తువు. సీతమ్మధారలో ఒక క్లినిక్‌లో గంటసేపు తల పట్టుకున్నాను. చివరికి ప్రింటర్ స్విచ్ ఆపేసి పింగ్ చేస్తే ఇంకా జవాబు వస్తోంది! రిసెప్షన్‌లో ఉన్నావిడ సెల్‌ఫోన్ ఆ అడ్రస్ మీద ఉంది. పొద్దున కరెంటు పోయి వచ్చాక రౌటర్ అడ్రస్‌లన్నీ కొత్తగా పంచింది. ప్రింటర్ పాత అడ్రస్ ఫోన్‌కి వెళ్లింది. దీనికంటే తేలికైన పరీక్ష ఇంకొకటుంది. ఆ అడ్రస్‌ని బ్రౌజర్‌లో కొట్టండి. ప్రింటర్‌దే అయితే టోనర్, సెట్టింగులు చూపించే దాని సొంత పేజీ తెరుచుకుంటుంది.

యూఎస్‌బీ షేరింగ్

ఖర్చు లేదు, ఎంత పాత ప్రింటర్ అయినా పనికొస్తుంది, పది నిమిషాల పని. అందుకే అందరూ ముందు దీన్నే పట్టుకుంటారు. ఇద్దరు కూర్చునే చోట, అందులో ఒక సిస్టమ్ షాపు తెరిచింది మొదలు మూసేదాకా ఆన్‌లోనే ఉండే చోట ఇది బాగానే నడుస్తుంది. ఆ సిస్టమ్ స్లీప్‌లోకి పోకుండా చూసుకుంటే చాలు.

మూడో మనిషి వచ్చిన దగ్గర్నుంచి టెన్షన్ మొదలవుతుంది. షేర్ చేసిన ప్రింటర్‌ని మిగతావాళ్లు ఆ సిస్టమ్ పేరుతో వెతుక్కుంటారు. దాన్ని ఫార్మాట్ చేసి కొత్త పేరు పెడితే అందరికీ తెగిపోతుంది. రౌటర్ మారినప్పుడు విండోస్ కొత్త నెట్‌వర్క్‌ని పబ్లిక్ అనుకుంటే ఫైర్‌వాల్ షేరింగ్‌ని ఆపేస్తుంది. దాన్ని ప్రైవేట్‌కి మార్చాలి. ఇవి చిన్నవే.

పెద్ద తలనొప్పి విండోస్ అప్‌డేట్లతో వచ్చింది. 2021లో ప్రింట్ స్పూలర్‌లో ప్రింట్‌నైట్‌మేర్ అనే పెద్ద భద్రతా లోపం బయటపడింది. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ ప్రింటర్ షేరింగ్ నియమాలను వరసగా బిగిస్తూ వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబర్ అప్‌డేట్ తర్వాత చాలా ఆఫీసుల్లో చివర 11బి అని ఉండే ఎర్రర్ రావడం మొదలైంది. దానికి యూట్యూబ్‌లో దొరికే చిట్కా, విండోస్ లోపలి సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక విలువని సున్నా చేయడం. ప్రింటు వస్తుంది, నిజమే. కానీ ఆ అప్‌డేట్ వేసిన తాళాన్ని మీరే తీసినట్టు. క్లయింట్ల పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఉండే సిస్టమ్‌లో నేను ఆ పని చేయను. ముందు అన్ని సిస్టమ్‌లకీ అప్‌డేట్లు పూర్తిగా వేయండి. ఒకటి కొత్తగా, ఒకటి పాతగా ఉన్న చోటే ఇది ఎక్కువగా వస్తుంది.

విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ వచ్చాక ఇంకో మార్పు. పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా షేరింగ్‌లోకి వెళ్లడాన్ని ప్రో ఎడిషన్ ఇప్పుడు మొదటే ఒప్పుకోదు. మన చిన్న ఆఫీసుల్లో "పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ ఆఫ్" పెట్టి ఏళ్ల తరబడి నడిపినవాళ్లంతా కొత్త ల్యాప్‌టాప్ కొన్న రోజున ఇక్కడ ఇరుక్కుంటున్నారు. మందు తేలికే. ప్రింటర్ ఉన్న సిస్టమ్‌లో ప్రింటు కోసమని ఒక యూజర్‌ని పాస్‌వర్డ్‌తో పెట్టండి. మిగతా సిస్టమ్‌లలో, విండోస్ పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో ఆ పేరు, పాస్‌వర్డ్ దాచండి. అయినా మీ ప్రింటర్ వెనక లాన్ పోర్టు (రౌటర్ నుంచి వచ్చే నెట్‌వర్క్ వైరు గుచ్చే చోటు) ఉంటే ఈ తంటా అంతా ఎందుకు?

వైఫై

ఇంటికి, ఒకరిద్దరున్న ఆఫీసుకి మంచిదే. ఫోన్ నుంచి నేరుగా ప్రింటు వస్తుంది. గోడకి రంధ్రాలు కొట్టక్కర్లేదు, అద్దె ఇంట్లో ఉన్నవాళ్లకి అదే పెద్ద సుఖం.

కానీ తక్కువ ధర ప్రింటర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే అందుతుంది, 5 కనిపించదు. రౌటర్‌లో 5 ఒక్కటే ఉంచారంటే ప్రింటర్ గుడ్డిదైపోతుంది. సెక్యూరిటీని డబ్ల్యూపీఏ3 అనే కొత్త రకానికి మాత్రమే పరిమితం చేస్తే పాతవి చేరవు. గెస్ట్ వైఫైకి కలిపితే నెట్ వస్తుంది గానీ ప్రింటర్ కనిపించదు. గెస్ట్‌లో ఉన్నవాటిని ఒకదానికొకటి చూడనివ్వకపోవడం దాని పనే. ఎంవీపీ కాలనీలాంటి చోట్ల ఒక్కో అపార్ట్‌మెంట్‌లో పదుల కొద్దీ వైఫైలు ఒకే గాలిలో అరుచుకుంటుంటాయి. 2.4లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు 1, 6, 11. రౌటర్‌లో వాటిలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోండి. ప్రింటర్‌ని ఇనప బీరువా పక్కన పెట్టకండి. ఇది చెబితే నవ్వుతారు గానీ, ఒక ఆఫీసులో బీరువాని నాలుగు అడుగులు జరపడంతోనే సమస్య తీరిపోయింది.

మధురవాడ వైపు ఇంటి నుంచి పనిచేసే ఐటీ వాళ్ల ఫిర్యాదు వేరు. "ఫోన్‌లోంచి ప్రింటు వస్తోంది, ల్యాప్‌టాప్‌లోంచి రావట్లేదు." కంపెనీ వీపీఎన్, అంటే ల్యాప్‌టాప్‌ని ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే ప్రోగ్రాం, ఆన్‌లో ఉందేమో చూడండి. చాలా కంపెనీలు వీపీఎన్ ఉన్నంతసేపూ ఇంటి నెట్‌వర్క్‌ని ల్యాప్‌టాప్‌కి కనపడనివ్వవు. ఆ సెట్టింగ్ మీ చేతిలో ఉండదు. వీపీఎన్ ఆపి ప్రింటు తీసి, మళ్లీ పెట్టుకోవడమే.

ఇంకొకటి ఈమధ్య తరచుగా చూస్తున్నాను. నెట్ కంపెనీ ఇచ్చిన రౌటర్‌కి వైఫై చాలట్లేదని సొంతంగా రెండో రౌటర్ కొని దాని వెనక తగిలిస్తారు. ఇప్పుడు ఇంట్లో రెండు నెట్‌వర్కులు. ఒకటి 192.168.1, రెండోది 192.168.0 అనుకోండి. ప్రింటర్ లోపలి దాంట్లో, కంప్యూటర్ బయటి దాంట్లో ఉంటే ఈ కంప్యూటర్‌కి ఆ ప్రింటర్ అందదు. తమాషా ఏమిటంటే ఇవే తిరగబడి ఉంటే అందుతుంది. అందుకే "ఆ గదిలోంచి వస్తోంది, ఈ గదిలోంచి రావట్లేదు" అంటారు. రెండో రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌కి, అంటే వైఫై మాత్రమే ఇచ్చి అడ్రస్‌లు పంచని పద్ధతికి మారిస్తే అంతా ఒకే నెట్‌వర్క్ అవుతుంది.

లాన్ వైరు

ముగ్గురికి మించి ప్రింటు తీసే చోట నా ఓటు దీనికే. ఏ సిస్టమ్ ఆన్‌లో ఉంది, ఏది ఆఫ్ అన్న గొడవ లేదు. ప్రింటర్, రౌటర్ ఆన్‌లో ఉంటే చాలు. యూఎస్‌బీ వైరు ఐదు మీటర్లు దాటితే నమ్మలేం. లాన్ వైరు నూరు మీటర్ల దాకా లాగొచ్చు. రౌటర్‌లో పోర్టులు నిండిపోతే ఐదు పోర్టుల చిన్న స్విచ్ ఒకటి పెట్టుకుంటే సరి. ప్రింటర్ కొత్తగా కొంటున్నవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: ఒకే పేరుతో వచ్చే మోడళ్లలో లాన్ పోర్టు ఉన్నదీ లేనిదీ రెండూ ఉంటాయి. పెట్టె మీద అక్షరాలు కాదు, వెనక పోర్టు చూసి తీసుకోండి.

మన ఊరికి ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది, ఉప్పు గాలి. పెదవాల్తేరులో సముద్రం వైపు కిటికీ తెరిచి ఉంచే ఒక ఆఫీసులో ప్రింటర్ రోజుకి రెండు మూడుసార్లు తెగేది. డ్రైవర్ మార్చారు, స్విచ్ మార్చారు. నేను వైరు బయటికి లాగి చూస్తే కనెక్టర్ రేకుల మీద పచ్చటి చిలుము. కొత్త కనెక్టర్ వైరుకి నొక్కి బిగించాక మళ్లీ ఫోన్ రాలేదు. పోర్టు దగ్గర చిన్న లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత, ముందు వైరు మార్చి చూడండి. ఆ గాలికే తెరిచి ఉంచిన కాగితం కట్ట చెమ్మగిల్లి ఇరుక్కుంటుంది. దాన్ని కూడా కనెక్షన్ సమస్యే అని నాకు ఫోన్ చేసినవాళ్లున్నారు!

అడ్రస్‌ని ఎక్కడ కట్టేయాలి

వైఫై అయినా లాన్ అయినా ప్రింటర్ అడ్రస్ మారకుండా చేయకపోతే పైన చెప్పిన క్లినిక్ కథే. దీనికి రెండు దారులు. ప్రింటర్‌లోనే స్థిరమైన అడ్రస్ పెట్టడం ఒకటి. రౌటర్‌లో "ఈ ప్రింటర్ అడిగినప్పుడల్లా ఇదే ఇవ్వు" అని రిజర్వేషన్ పెట్టడం రెండోది.

రౌటర్ పాస్‌వర్డ్ మీ చేతిలో ఉంటే రిజర్వేషన్ మేలు. ఎందుకంటే మనం నెట్ కంపెనీలు మారుస్తూనే ఉంటాం. ఒక రౌటర్ 192.168.1 వరస ఇస్తుంది, ఇంకోటి 192.168.29 వరస ఇస్తుంది. ప్రింటర్‌లో పాత వరస అడ్రస్ గట్టిగా పెట్టేసి ఉంటే కొత్త రౌటర్ వచ్చిన రోజున అది ఎవరికీ అందదు. రిజర్వేషన్ అయితే ప్రింటర్ కొత్త వరసలో ఏదో ఒక అడ్రస్ తీసుకుంటుంది. వెతికి పట్టుకోవడం తేలిక. పాస్‌వర్డ్ నెట్ కంపెనీ వాళ్ల దగ్గరే ఉండి, ఎంత అడిగినా ఇవ్వకపోతే ప్రింటర్‌లోనే పెట్టండి. కానీ రౌటర్ తనంతట తాను పంచే అంకెల బయట ఉన్నదాన్ని ఎంచుకోండి. అడ్రస్ చివరి అంకెని రౌటర్ 2 నుంచి 100 దాకా పంచుతుంటే మీరు 200 పెట్టుకోవచ్చు. పెట్టిన అడ్రస్‌ని చీటీ మీద రాసి ప్రింటర్‌కి అంటించండి.

ఇంత చేశాక కూడా విండోస్‌లో "ఆఫ్‌లైన్" అని వస్తే, చేర్చిన తీరు చూడాలి. విండోస్ తనే వెతికి ప్రింటర్‌ని చేర్చినప్పుడు చాలాసార్లు డబ్ల్యూఎస్‌డీ అనే పోర్టు పెడుతుంది. అది ప్రింటర్‌ని అడ్రస్‌తో కాకుండా నెట్‌వర్క్‌లో కేకేసి వెతుక్కుంటుంది. కేక వినపడని రోజున ఆఫ్‌లైన్. దాన్ని తీసేసి, యాడ్ ప్రింటర్‌లో "మాన్యువల్" దారిలో వెళ్లి టీసీపీ ఐపీ అడ్రస్‌తో చేర్చండి. నిమిషం ఎక్కువ పడుతుంది, ఏడాది నిశ్చింత. అప్పటికీ ప్రింటర్ పేజీ బ్రౌజర్‌లో తెరుచుకుంటూ విండోస్ మాత్రం ఆఫ్‌లైన్ అంటుంటే, పోర్ట్ సెట్టింగ్స్‌లో ఎస్ఎన్ఎంపీ అనే టిక్ తీసి చూడండి. విండోస్ ఆ దారిలో ప్రింటర్ని "ఉన్నావా" అని అడిగి, జవాబు రాకపోతే లేదనేసుకుంటుంది.

మిగతా దారులు

రౌటర్ వెనక ఉన్న యూఎస్‌బీ పోర్టుకి ప్రింటర్ తగిలించడం మీద నాకు నమ్మకం లేదు. చాలా రౌటర్లలో అది పెన్‌డ్రైవ్‌కే పనికొస్తుంది. ప్రింటు వచ్చినా స్కానర్ పనిచేయకపోవడం మామూలే. యూఎస్‌బీ మాత్రమే ఉన్న పాత లేజర్ ఇంకా గట్టిగా పనిచేస్తోందా? అప్పుడు యూఎస్‌బీ ప్రింటర్‌ని నెట్‌వర్క్‌కి కలిపే ప్రింట్ సర్వర్ అనే చిన్న డబ్బా గురించి ఆలోచించండి, కాకపోతే మీ మోడల్‌కి పనిచేస్తుందని షాపువాడు చూపించాకే కొనండి. చేతివాటం ఉన్న కుర్రాళ్లు ఇంట్లో ఉంటే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో కప్స్ అనే ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టి అదే పని చేయించొచ్చు. వైఫై డైరెక్ట్ అంటే రౌటర్ లేకుండా ఫోన్ నేరుగా ప్రింటర్‌కి కలవడం. ఎప్పుడో ఒక కాగితానికి సరే, ఆఫీసు మొత్తానికి కాదు.

ఎవరికి ఏది

ఇంట్లో పిల్లల ప్రాజెక్టులు, టికెట్లు, ఆధార్ కాపీలే అయితే వైఫై, రౌటర్‌లో రిజర్వేషన్. ఇద్దరు కూర్చునే షాపులో పాత ప్రింటర్ ఉంటే యూఎస్‌బీ షేరింగే కానివ్వండి, దానికోసం కొత్త ప్రింటర్ కొనక్కర్లేదు. ట్యాక్స్ ఆఫీసు, క్లినిక్, స్కూలు ఆఫీసు లాంటి చోట్ల మారు మాట లేకుండా లాన్ వైరు.

ఆంధ్రా యూనివర్సిటీ పరిసరాల్లో ఉండే జిరాక్స్ షాపుల లెక్క వేరు. అక్కడ కస్టమర్ ఫోన్ నుంచి ఫైలు రావాలి, ప్రింటు షాపు సిస్టమ్ నుంచి వెళ్లాలి. కస్టమర్లకి మీ అసలు వైఫై పాస్‌వర్డ్ ఇచ్చి, "మీరే ప్రింటు ఇచ్చేసుకోండి" అనడం సులువుగా కనిపిస్తుంది. రోజంతా వచ్చిపోయే ఫోన్లు రౌటర్ అడ్రస్‌లన్నీ తినేస్తాయి, పైగా మీ సిస్టమ్‌లున్న నెట్‌వర్క్‌లోకి తెలియనివాళ్లు వస్తారు. కస్టమర్లకి గెస్ట్ వైఫై ఇవ్వండి, ఫైలు వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో తీసుకోండి. ప్రింటర్‌ని లాన్ వైరుతో మీ నెట్‌వర్క్‌లోనే ఉంచండి.

కరెంటు సంగతి అందరికీ ఒకటే. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెడితే అడ్రస్‌ల గందరగోళం సగం తగ్గుతుంది. లేజర్ ప్రింటర్‌ని మాత్రం యూపీఎస్‌కి తగిలించకండి. లోపల టోనర్‌ని కాగితానికి అతికించే ఫ్యూజర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, చిన్న యూపీఎస్ తట్టుకోదు. కరెంటు వచ్చాక ముందు రౌటర్, రెండు నిమిషాలాగి ప్రింటర్.

ద్వారకానగర్ ఆఫీసుకి ఆ రాత్రి నేనే వెళ్లాను. ప్రింటర్‌ని తిప్పి చూస్తే వెనక లాన్ పోర్టు ఉంది. కొన్నప్పుడు పెట్టిన ప్లాస్టిక్ మూత కూడా ఇంకా దాని మీదే ఉంది. పక్క గదిలోంచి పదిహేను మీటర్ల వైరు లాగి, ఐదు సిస్టమ్‌లలో అడ్రస్‌తో చేర్చేసరికి తొమ్మిదైంది. ఆరోదానికి పాస్‌వర్డ్ కావాలి కదా, దాన్ని మర్నాడు ఆవిడ వచ్చాక చేర్చాను.